ఊరు వేసిన ఓటు, మనిషి వేసిన ఓటు

ఈ మధ్య ఆఫీసయ్యాక రాత్రిపూట రాజనీతి శాస్త్రంలో వాడే గణాంక పద్ధతులు నేర్చుకుంటున్నాను అని చెప్తే, మా టీములో వాళ్ళు "ఏంటి, ఎమ్మెల్యేగా నిలబడుతున్నావా?" అని ఆటపట్టించారు. ఇంజనీరింగులో ప్రాబబిలిటీ పేపరు బొటాబొటీగా గట్టెక్కిన వాణ్ణి, ఇప్పుడు డబ్బులు పెట్టి మరీ ఆ పుస్తకాలే కొనుక్కుంటున్నానంటే నాకే నవ్వొస్తుంది. దానికి కారణం ఒక చార్టు. నేను చేసిందే.

2024 ఎన్నికల ఫలితాలు వచ్చిన కొన్నాళ్ళకి మా బాబాయి ఫోన్ చేశాడు. ఊళ్ళో ఒక పార్టీకి ఆయన చిన్నపాటి పెద్దమనిషి. (ఏ పార్టీ అని అడక్కండి, ఈ కథకి అది అనవసరం.) "ఒరే, నువ్వు కంప్యూటరు చదివావు కదా, మన మండలంలో ఎవరు మనకి వేశారో ఎవరు వెయ్యలేదో తేల్చిపెట్టు" అన్నాడు. ఎన్నికల సంఘం ఫారం 20 పేరుతో బూత్‌ల వారీగా ఓట్ల లెక్క పెడుతుంది. (పోలింగ్ బూత్ అండీ, ఆ బూతు కాదు.) దాన్ని దించుకున్నాను. పోలింగు రోజున వచ్చిన వాళ్ళకి ఏజెంట్లు టిక్కులు పెట్టుకున్న ఓటర్ల జాబితాలు బాబాయి సంపాదించాడు. ఏ బూత్‌లో కాలనీ వాళ్ళు ఎంత శాతమో, ఎదుటి పార్టీకి ఎంత శాతం వచ్చిందో పక్కపక్కన పెట్టి ఎక్సెల్లో చుక్కలు పెట్టాను. చుక్కలన్నీ చీమల బారులా ఎడమ నించి కుడికి పైకెక్కుతున్నాయి. కోరిలేషన్ 0.8 పైన వచ్చింది. రంగులేసి, కింద "కాలనీ ఓటు పూర్తిగా అటే" అని రాసి వాట్సాప్‌లో పంపించి, నా గొప్పకి నేనే మురిసిపోయాను.

2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, నేను పుట్టక ముందు నించీ మా చేలో పని చేసిన ఒకావిడ బస్టాపు దగ్గర కనపడింది. బాగోగులు అడిగింది. ఆ తరవాత కాస్త ఆగి, "ఈ యేడు మిరప కోతకి మమ్మల్ని పిలవలా బాబూ. కాలనీ ముఠాని తేవద్దని మేస్త్రికి చెప్పారంట మీ బాబాయిగారు. నేను ఓటు మీకే యేశాను. ఎవరికి చెప్పుకోను?" అంది.

నాకు నోట మాట రాలేదు. ఆ చార్టు నేనే గీశానని ఆవిడకి తెలీదు.

నా లెక్కలో కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి తప్పు ఎక్కడుంది? వెతుక్కుంటూ వెళ్తే, సరిగ్గా ఇదే తప్పుతో వందేళ్ళుగా కుస్తీ పడుతున్న వాళ్ళ చరిత్ర ఒకటి బయటపడింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మొదలు అమెరికాలో. ఆరిగన్ రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఓటు హక్కు 1912లో వచ్చింది. ఆడవాళ్ళు మగవాళ్ళలాగే వేస్తారా, వేరేగా వేస్తారా అని అందరికీ కుతూహలం. ఓటేమో రహస్యం, డబ్బాలోంచి తీసిన కాయితం ఆడదో మగదో చెప్పదు. విలియం ఆగ్‌బర్న్, ఐనెజ్ గోల్ట్రా అనే ఇద్దరు 1919లో ఒక ఉపాయం పన్నారు. పోర్ట్‌లాండ్ నగరంలో ఒక్కొక్క పోలింగు ప్రాంతంలో ఓటర్లలో ఆడవాళ్ళ శాతం ఎంత, అక్కడ ఒక్కొక్క ప్రతిపాదనకి ఎన్ని ఓట్లు పడ్డాయి అని రెండూ తీసుకుని కోరిలేషన్ కట్టారు. అంటే మా బాబాయి కోసం నేను చేసిన పనే, నూరేళ్ళ ముందు, కంప్యూటరు లేకుండా.

నన్ను సిగ్గుపడేలా చేసిన సంగతి ఇంకోటుంది. వాళ్ళు తమ పద్ధతిలో ఉన్న గోతిని తామే చూపించారు. ఆడవాళ్ళు ఎక్కువున్న పేటలో ఓట్లు మారితే, మార్చింది ఆడవాళ్ళే అని ఎలా అనగలం? ఆ పేటలో ఉన్న మగవాళ్ళే మిగతా పేటల మగవాళ్ళ కంటే వేరేగా వేసి ఉండొచ్చు కదా? ఆ మాట కాయితం మీద పెట్టి మరీ ముందుకి వెళ్ళారు. నా చార్టు కింద అలాంటి వాక్యం ఒక్కటి కూడా లేదు.

ఆ తరవాత ముప్పై ఏళ్ళు చాలామంది ఈ దారినే నడిచారు. ఆ గొయ్యి సంగతి మాత్రం మర్చిపోయారు. 1950లో విలియం రాబిన్సన్ అనే సోషియాలజిస్టు ఏడు పేజీల వ్యాసం ఒకటి రాసి అందర్నీ ఉలిక్కిపడేట్టు చేశాడు. ఆయన తీసుకున్నది 1930 అమెరికా జనాభా లెక్కలు. పదేళ్ళు దాటిన సుమారు 9.7 కోట్ల మంది. అడిగిన ప్రశ్న చాలా తేలికైనది: విదేశాల్లో పుట్టి అమెరికా వచ్చిన వాళ్ళలో నిరక్షరాస్యత ఎక్కువా, తక్కువా?

రాష్ట్రాల వారీగా లెక్క కడితే కోరిలేషన్ మైనస్ 0.526 వచ్చింది. అంటే వలస వచ్చిన వాళ్ళు ఎక్కువున్న రాష్ట్రంలో నిరక్షరాస్యులు తక్కువ. పైపైన చూసేవాడు "వలస వచ్చిన వాళ్ళు బాగా చదువుకున్న వాళ్ళన్నమాట" అంటాడు. అదే జనాన్ని ఒక్కొక్క మనిషిగా లెక్క కడితే ప్లస్ 0.118. చిన్నదే కానీ గుర్తే తిరగబడింది! నిజానికి వలస వచ్చిన వాళ్ళలోనే చదవడం రాయడం రాని వాళ్ళు ఎక్కువ. ఎలా? వాళ్ళు వెళ్ళి స్థిరపడింది బడులు బాగా ఉన్న రాష్ట్రాల్లో. అక్కడ పుట్టిపెరిగిన వాళ్ళ చదువు వల్ల రాష్ట్రం అంకె బాగుంది. ఆ మంచిపేరు పక్కింట్లో దిగిన కొత్తవాడి ఖాతాలో పడింది.

రెండో ఉదాహరణ నల్లవాళ్ళు, నిరక్షరాస్యత. మనుషుల వారీగా చూస్తే కోరిలేషన్ 0.203. రాష్ట్రాల వారీగా చూస్తే 0.773. దేశాన్ని తొమ్మిది పెద్ద ప్రాంతాలుగా విడగొట్టి చూస్తే 0.946! గుంపు పెద్దదైన కొద్దీ అంకె పెద్దదైంది. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. సగటు తీసినప్పుడు గుంపు లోపల మనిషికీ మనిషికీ ఉన్న తేడాలన్నీ చదునైపోతాయి. మిగిలేవి గుంపుకీ గుంపుకీ ఉన్న తేడాలే. ఇక చుక్కలు గీత మీదికి రాక ఏం చేస్తాయి?

నా 0.8 నాకు అంత గట్టిగా ఎందుకు కనపడిందో అప్పుడు అర్థమైంది. అందులో సగం గట్టిదనం సగటుదే అయి ఉండొచ్చు.

మన భాషలో చెప్పాలంటే, డేటాబేసులో ఓ టేబులు మీద గ్రూప్ బై కొట్టి, మొత్తాలు మాత్రం దాచుకుని, అసలు వరుసలు చెరిపేశారనుకోండి. ఆ మొత్తాల్లోంచి పాత వరుసల్ని వెనక్కి తెమ్మంటే ఏ డీబీఏ అయినా మనవైపు జాలిగా చూస్తాడు. ఒకే మొత్తాన్ని ఇచ్చే వరుసలు లక్ష రకాలుగా ఉండొచ్చు. రహస్య ఓటు అంటే చట్టం పనిగట్టుకుని కొట్టిన గ్రూప్ బై. ఈ తప్పుకి 1958లో హానన్ సెల్విన్ "ఎకలాజికల్ ఫాలసీ" అని పేరు పెట్టాడు. పర్యావరణంతో దీనికి సంబంధం లేదు. ప్రాంతం లెక్కని పట్టుకుని ఆ ప్రాంతంలో ఉన్న మనిషి మీద తీర్పు చెప్పడమే ఇది.

రాబిన్సన్ దెబ్బకి రాజనీతి పరిశోధకులు చాలామంది మొత్తాల జోలికి పోవడం తగ్గించి, నేరుగా మనిషినే అడగడం వైపు మళ్ళారు. అప్పటికే ఆ దారి కొంత పడి ఉంది. 1936లో జార్జ్ గాలప్ చిన్న శాంపిలుతో రూజ్‌వెల్ట్ గెలుపుని ముందే చెప్పాడు. 1940లో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో అవే మనుషుల్ని మళ్ళీ మళ్ళీ కలిసి, ఎన్నికల ముందు మనసులు ఎలా మారతాయో రాసుకుంది. మన దేశంలో ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ 1967లో మొదటి జాతీయ ఎన్నికల అధ్యయనం చేసింది. అదే సంస్థలో 1997లో మొదలైన లోక్‌నీతి ఆ పని ఇప్పటికీ చేస్తోంది. ఏ కులం, ఏ వయసు, ఏ చదువు వాళ్ళు ఎటు వేశారు అని ఎన్నికలయ్యాక పేపర్లలో మనం చూసే పట్టికలు ఇలా అడిగి రాసుకున్న వాటిలోంచి వచ్చేవే. వాటికీ వాటి లోపాలున్నాయి, అది వేరే టపా.

అయితే అడగడానికి మనిషే లేకపోతే?

ఇక్కడ కథ జర్మనీకి వెళ్తుంది. 1928లో నాజీ పార్టీకి వచ్చిన ఓట్లు 2.6 శాతం. 1932 జులైలో 37.3 శాతం. 1933 జనవరిలో హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఇంతకంటే పెద్ద ప్రశ్న ఉంటుందా: నాలుగేళ్ళలో ఆ ఓట్లు వేసింది ఎవరు? అప్పట్లో అక్కడ సర్వేలు లేవు. ఓటర్లు చాలామంది చచ్చిపోయారు. బతికున్న వాళ్ళు "నేనే వేశాను" అని యుద్ధం అయ్యాక ఒప్పుకుంటారా? మిగిలింది జిల్లాల, ఊళ్ళ మొత్తాలు మాత్రమే. రాబిన్సన్ వద్దన్న పని చెయ్యక తప్పదు.

చాలాకాలం అందరూ చెప్పుకున్న మాట, అది కింది మధ్యతరగతి ఓటు అని. మాంద్యం, నిరుద్యోగం పెరిగిన ఏళ్ళలోనే నాజీల ఓట్లూ పెరిగాయి కాబట్టి, ఉద్యోగం పోయినవాడు కోపంతో హిట్లర్‌కి వేశాడు అన్నది దానికి తోడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. 1982లో రిచర్డ్ హామిల్టన్ నగరాల్లో పేటల లెక్కలు తీసి, డబ్బున్న పేటల్లో కూడా నాజీలకి గట్టిగా పడ్డాయని చూపించాడు. యుర్గెన్ ఫాల్టర్ ఏళ్ళ తరబడి జిల్లాల లెక్కలు కూర్చుకుని 1991లో పుస్తకం వేశాడు. క్యాథలిక్కుల కంటే ప్రొటెస్టెంట్లలో నాజీ ఓటు చాలా ఎక్కువని, నిరుద్యోగులు నాజీల కంటే కమ్యూనిస్టుల వైపు ఎక్కువ వెళ్ళారని అందులో తేలింది. 2008లో హార్వర్డ్‌కి చెందిన గ్యారీ కింగ్, తోటి పరిశోధకులు కొత్త పద్ధతులతో మళ్ళీ చూశారు. ఉద్యోగం పోయే భయం అంతగా లేకపోయినా మాంద్యం దెబ్బ తిన్న చిన్న దుకాణదార్లు, సొంత పని చేసుకునే వాళ్ళు, పని ఉండీ పేదవాళ్ళుగా ఉన్న వాళ్ళు అటు మొగ్గారని రాశారు.

నిరుద్యోగి మీద అర్ధ శతాబ్దం నింద. దేశం మొత్తం అంకె పెరిగిందని మనిషి మీద వేసిన నింద. మా కాలనీ గుర్తొచ్చింది నాకు.

మరి మొత్తాల్లోంచి మనిషి సంగతి కొంతైనా పట్టుకునే మార్గం ఉందా? ఉంది. రాబిన్సన్ వ్యాసం వచ్చిన మూడేళ్ళకి, 1953లో, అదే పత్రికలో రెండు చిన్న వ్యాసాలు వచ్చాయి. రెండు వేర్వేరు దారులు.

ఒకటి లియో గుడ్‌మన్‌ది. చుక్కల మధ్య గీత గీసి, దాన్ని నూటికి నూరు కాలనీ వాళ్ళే ఉండే ఊహా బూత్ దాకా పొడిగిస్తే కాలనీ వాళ్ళ ఓటు తెలుస్తుంది. అయితే ఒక షరతు. కాలనీ వాళ్ళు ఏ బూత్‌లో ఉన్నా సుమారుగా ఒకేలా వెయ్యాలి, మిగతావాళ్ళు కూడా అంతే. ఇది నిజం కాకపోతే లెక్క చిత్రమైన జవాబులిస్తుంది. నూటికి 110 మంది వేశారని, మైనస్ 5 మంది వేశారని కూడా వస్తుంది! అలా వస్తే అదృష్టవంతులం, తప్పు పట్టుబడింది. 85 అని వస్తేనే ప్రమాదం.

రెండోది ఓటిస్ డడ్లీ డంకన్, బెవర్లీ డేవిస్‌లది. వీళ్ళు ఊహలే వద్దన్నారు. మొత్తాలు ఇంత అయినప్పుడు లోపలి అంకె కనిష్ఠం ఎంత, గరిష్ఠం ఎంత అని హద్దులు మాత్రం చెప్పారు. ఏడో తరగతి పిల్లాడు చేసే లెక్క. ఆ హద్దుల మధ్య ఎక్కడ అంటే, "తెలీదు" అనడమే.

ఇవి పుస్తకాల్లోనే ఉండిపోలేదు. అమెరికాలో నల్లవాళ్ళ ఓట్ల బలం తగ్గేలా నియోజకవర్గాలు గీశారా లేదా అని తేల్చాలంటే, నల్లవాళ్ళు ఎటు వేశారో, తెల్లవాళ్ళు ఎటు వేశారో కోర్టుకి చూపించాలి. నార్త్ కరొలైనా కేసులో 1986లో అక్కడి సుప్రీం కోర్టు గుడ్‌మన్ తరహా రిగ్రెషన్‌ని సాక్ష్యంగా ఒప్పుకుంది. అదే లెక్క ఒకచోట బలహీనుడికి న్యాయం తెచ్చిపెట్టింది. అందుకే ఈ పద్ధతుల్ని చెత్తబుట్టలో పడెయ్యలేం.

1997లో గ్యారీ కింగ్ ఆ రెండు దారుల్నీ కలిపాడు. ప్రతి బూత్‌కీ ముందు హద్దులు కట్టి, ఆ హద్దుల లోపల ఎక్కడుండొచ్చో మిగతా బూత్‌ల పోకడని బట్టి అంచనా వేసే పద్ధతి తయారు చేశాడు. సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగా ఇచ్చాడు. నూటికి 110 లాంటి జవాబులు దీంట్లో రావు. పుస్తకానికి "ఒక పరిష్కారం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. బర్కిలీలో డేవిడ్ ఫ్రీడ్‌మన్, తోటివాళ్ళు ఊరుకోలేదు. బూత్‌లన్నీ ఒక పోకడలో ఉంటాయన్న ఊహ ఈ పద్ధతిలోనూ ఉంది, ఆ ఊహ నిజమో కాదో ఆ డేటాతో సరిచూసుకోలేం అని వాదించారు. ఆ వాదన పూర్తిగా ముగియలేదు. నాకు అర్థమైనంత వరకూ ఇద్దరూ ఒకచోట కలుస్తారు. హద్దుల వరకూ లెక్క. హద్దు దాటాక నమ్మకం. ఆ నమ్మకం ఏంటో పైకి చెప్పాలి.

సరే, మళ్ళీ మా ఊరికి. బాబాయి నిప్పులు కక్కిన ఆ ఒక్క బూత్‌ని తీసి డంకన్, డేవిస్‌ల లెక్క కట్టాను. పోలైనవి 800 ఓట్లు. ఏజెంటు టిక్కుల ప్రకారం అందులో కాలనీ వాళ్ళు 480, మా వీధుల వాళ్ళు 320. ఎదుటి పార్టీకి 560, మా బాబాయి పార్టీకి 240.

కాలనీ వాళ్ళు ఎదుటి పార్టీకి కనీసం ఎంతమంది వేశారు? మా వీధుల వాళ్ళు 320 మందీ అటే వేశారనుకుంటే, మిగిలిన 240 కాలనీవి. అంటే సగం. ఎక్కువలో ఎక్కువ? 480 మందీ. సగం నించి మొత్తం దాకా ఎంతైనా కావచ్చు. బాబాయి పార్టీకి ఆ బూత్‌లో వచ్చిన 240 ఓట్లూ కాలనీ నించే వచ్చి ఉండొచ్చు, లెక్క కాదనదు. అది అలాగే జరిగిందని నేను అనట్లేదు. కాదని నా చార్టు చెప్పలేదు అంటున్నాను.

ఇంకో వైపు నించి చూడండి. కాలనీలో ప్రతి ఒక్కరూ ఎదుటి పార్టీకే వేశారనుకున్నా 480 అవుతాయి. పడినవి 560. మిగతా 80 ఎక్కణ్ణించి వచ్చాయి? మా వీధుల నించే. ఏ ఊహా అక్కర్లేకుండా, ఘంటాపథంగా ఆ కాయితం చెప్పే మాట ఇదొక్కటే: మా వాళ్ళలో కనీసం ఎనభై మంది అటు వేశారు. మిరప కోతకి రావద్దని వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఒకప్పుడు ఇలాంటి గొడవకి ఒక అడ్డు ఉండేది. కాయితం ఓట్ల రోజుల్లో ఎన్నికల సంఘం అవసరమనుకున్న చోట వేర్వేరు పెట్టెల ఓట్లని కలిపేసి లెక్కపెట్టే నియమం ఉంది. ఓటింగు యంత్రాలొచ్చాక ఒక్కొక్క బూత్ లెక్క విడిగా బయటికొస్తోంది. 14 యంత్రాల ఓట్లని ఒకేసారి కూడి మొత్తం మాత్రమే చూపించే టోటలైజర్ అనే పరికరం వాడదామని ఎన్నికల సంఘం 2008లో అడిగింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సరే అంది. కేంద్రం ఒప్పుకోలేదు, అది అమల్లోకి రాలేదు. నాలాంటి వాడికి బూత్ లెక్క లేకపోతే నేర్చుకోవడానికి డేటా ఉండదు, రిగ్గింగు ఎక్కడ జరిగిందో చూపించడమూ కష్టం. అది నిజమే. కానీ ఆ బస్టాపు దగ్గర నించున్న ఆవిడ వైపు నించి చూస్తే, యంత్రాలు కలపాలనే నాకిప్పుడు అనిపిస్తోంది.

ఈ 480, 320 లెక్క ఓ కాయితం మీద రాసి బాబాయికి చూపించాను. రెండుసార్లు చదివాడు. "ఆ లెక్కా నువ్వే ఇచ్చావు, ఈ లెక్కా నువ్వే ఇస్తన్నావు. ఏది నమ్మమంటావురా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఆయన అడిగినదాంట్లో తప్పూ లేదు. మొదటిది అప్పుడే నమ్మకుండా ఉండాల్సింది అన్నాను. కాసేపు ఊరుకుని, "అయితే మన వీధుల్లో ఆ ఎనభై మంది ఎవరో చెప్పు" అన్నాడు.

"అది చెప్పే లెక్క లేదు బాబాయ్" అన్నాను. "వేసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు."

"మరెందుకురా నీ చదువు" అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేనే మేస్త్రి ఇంటికి వెళ్ళాను. ఆవిడ చెప్పిందని అనలేదు. చార్టు నాదని, అది తప్పని, బాబాయితో మాట్లాడానని మాత్రం చెప్పాను. రెండో కోతకి కాలనీ ముఠా నించి కొంతమందిని పిలిచారని తరవాత అమ్మ ఫోన్లో చెప్పింది. అందులో ఆవిడ ఉందో లేదో అమ్మకి తెలీదు.